1150 డిగ్రీల దగ్గర మొండికేసిన బట్టీ: గ్యాస్ ప్రెషర్ మీద ఒక కేస్ స్టడీ

హైదరాబాద్ శివార్లలో, వికారాబాద్ వెళ్లే దారిలో ఉన్న ఒక పాటరీ స్టూడియో బట్టీ ఇది. లోపలి కొలత 12 ఘనపుటడుగులు. ఇన్సులేషన్ ఇటుకల గోడలు, వెనక చిమ్నీ, చెరో పక్క రెండేసి వెంచురీ బర్నర్లు, అంటే గ్యాస్ దూకే వేగంతోనే గాలిని లాక్కునే రకం. మంట పైకి లేచి, సామాను మధ్యగా దిగి, నేల దగ్గరి కన్నం గుండా చిమ్నీలోకి పోయే డౌన్‌డ్రాఫ్ట్ పద్ధతి. స్టోన్‌వేర్ మట్టిని రిడక్షన్‌లో, అంటే గాలి తగ్గించిన మంటలో, కోన్ 10 దాకా కాలుస్తారు. కోన్ అంటే నిర్ణీత వేడికి వంగే చిన్న మట్టి శంకువు, పదో నంబరుది దాదాపు 1290 డిగ్రీలకు వంగుతుంది. వేసవిలోనూ వానాకాలంలోనూ ఏ పేచీ లేని ఈ బట్టీ డిసెంబరు వచ్చేసరికి 1150 దగ్గర ఆగిపోతోంది. రెండు గంటలు కాచినా పది డిగ్రీలు పెరగడం లేదు. గ్లేజులు, అంటే సామాను మీది గాజు పూతలు, సగం కరిగి, పాలిపోయి బయటికొస్తున్నాయి.

నన్ను పిలిచింది మాత్రం గ్లేజుల కోసం కాదు. ఆ ముందు ఫైరింగ్‌లో సిలిండర్ మార్చాక బట్టీ దబ్బుమని పేలినంత శబ్దం చేసింది. తలుపుకు పేర్చిన ఇటుకల్లో రెండు జరిగి పడ్డాయి. బర్నర్ కన్నాల్లోంచి మంట వెనక్కి తన్ని, ఒక బర్నర్‌కు వెళ్లే రబ్బరు గొట్టం కాలి బొబ్బలెక్కింది. సహాయకుడి ముంజేతి మీద వెంట్రుకలు మాడాయి. అంతకుమించి ఎవరికీ ఏమీ కాలేదు.

ఈ రెండు ఫిర్యాదులూ వేర్వేరని ఆ స్టూడియో యజమానురాలు అనుకున్నారు. ఒకటి చలికాలపు బెడద, రెండోది ఎవరి తొందరపాటో అని. నేను వెళ్లి చూసిన మీదట తేలింది, మొదటిదానికి వాళ్లు చేసుకున్న వైద్యమే రెండోదానికి కారణమని.

అక్కడ కనిపించిన అమరిక

బట్టీ గదికి ఆనుకుని ఉన్న గోడ బయట 19 కిలోల వాణిజ్య సిలిండర్లు రెండు ఉన్నాయి. రెండూ వాటిని కలిపే ఒక మానిఫోల్డ్ పైపులోకి, అక్కడినుంచి ఒకే ఒక రెగ్యులేటర్‌లోకి. స్క్రూ తిప్పి సున్నా నుంచి రెండు కిలోల దాకా పెట్టుకోగల రకం అది. దాని తరవాత ఒక గేజ్, ఒక బాల్ వాల్వు, ఇనుప పైపు, చివరి రెండడుగులు రబ్బరు గొట్టం, బర్నర్. మంట ఆరిపోతే గ్యాస్‌ను ఆపే ఏర్పాటు ఏ బర్నర్‌కూ లేదు. రెగ్యులేటర్‌కు ముందు, అంటే సిలిండర్ వైపు, గేజ్ లేదు.

మా పనిలో ప్రెషర్‌ను కిలోల్లోనే చెప్పుకుంటాం. చదరపు సెంటీమీటరుకు కిలో అన్నమాట. అది దాదాపు ఒక బార్, లేదా 14 పీఎస్‌ఐ. ఈ బట్టీ మంచి రోజుల్లో పై ఉష్ణోగ్రతలకు 0.35 కిలో దగ్గర నడిచేది. డిసెంబరులో గేజ్ ముల్లు తనంతట తాను 0.15కి దిగిపోయేది. ముల్లు దిగినప్పుడల్లా రెగ్యులేటర్ స్క్రూ ఇంకొంచెం బిగించారు. చివరికి స్క్రూ అడుగంటింది. ముల్లు కదల్లేదు.

ఆ రోజు ఏం జరిగిందో గంట గంటకూ రాసుకున్న నోటు పుస్తకం ఉంది కనుక సగం పని తేలికైంది. మిగతా సగం అడిగి తెలుసుకున్నాను.

"సిలిండర్ మార్చేటప్పుడు బర్నర్ల వాల్వులు కట్టేశావా?" అని సహాయకుణ్ణి అడిగాను.

"లేదు సార్. సిలిండర్లు రెండూ కట్టేసి, ఖాళీది విప్పి, కొత్తది పెట్టి తిప్పాను. ఎప్పుడూ అంతే చేస్తాం."

"కొత్తది ఎక్కడుంది అంతసేపూ?"

"ఎండలో సార్. చల్లగా ఉంటే ప్రెషర్ రాదని మేడమ్ అక్కడ పెట్టమన్నారు."

మొత్తం ప్రమాదం ఈ రెండు జవాబుల్లోనే ఉంది. రెండు సిలిండర్లూ కట్టేయగానే బర్నర్లు ఆరిపోయాయి, కాని వాటి వాల్వులు తెరిచే ఉన్నాయి. రెగ్యులేటర్ స్క్రూ పూర్తిగా బిగించి ఉంది. దానికి ఎండలో కాగిన నిండు సిలిండర్ తగిలించి ఒక్కసారిగా తిప్పారు. అప్పటిదాకా 0.15 దగ్గర నీరసంగా ఉన్న ముల్లు కిలో దాటింది. జెట్‌లోంచి, అంటే బర్నర్‌లోని సన్నటి రంధ్రంలోంచి, పోయే గ్యాస్ పరిమాణం ప్రెషర్‌కు వర్గమూలం లెక్కన పెరుగుతుంది. ప్రెషర్ నాలుగు రెట్లయితే గ్యాస్ రెండు రెట్లు. ఇక్కడ ప్రెషర్ దాదాపు ఏడు రెట్లయింది, గ్యాస్ రెండున్నర రెట్లు దాటింది. అంత గ్యాస్, మంట లేని బర్నర్లలోంచి 1150 డిగ్రీల గదిలోకి దూకి ఒక్కసారిగా అంటుకుంది.

నోటు పుస్తకంలో దీనికి "అదృష్టం కొద్దీ బయటపడ్డాం" అని రాసి ఉంది. నిజానికి వాళ్లను కాపాడింది ఆ 1150 డిగ్రీలే. అంత వేడిలో గ్యాస్ పేరుకునే వ్యవధి ఉండదు, లోపలికి వచ్చింది వచ్చినట్టు కాలుతుంది. పారిశ్రామిక ఫర్నేసుల ప్రమాణాల్లో దీనికి గీత 760 డిగ్రీలు. గది అంతకన్నా వేడిగా ఉంటే మంట దానంతటదే అంటుకుంటుందని నమ్మవచ్చు, అంతకన్నా చల్లగా ఉంటే నమ్మకూడదు. ఇదే సిలిండర్ మార్పు ఉదయం 300 డిగ్రీల దగ్గర జరిగి ఉంటే, గ్యాస్ ఒకటి రెండు నిమిషాలు నిశ్శబ్దంగా నిండి, ఎక్కడో ఎర్రబడిన చోట తగిలి, గది మొత్తం ఒకేసారి పేలేది. గాలిలో ఎల్పీజీ సుమారు రెండు శాతం చేరితే చాలు, అంటుకునే మిశ్రమం తయారవుతుంది. 12 ఘనపుటడుగుల బట్టీ గదికి రెండు శాతమంటే ఏడు లీటర్లు కూడా కాదు. పొయ్యి మీద గిన్నెడు.

సిలిండర్ ఎందుకు నీరసించింది

ప్రమాదం సంగతి అర్థమయ్యాక అసలు రోగం దగ్గరికి వచ్చాను. సిలిండర్‌లో ఉండేది చాలా మట్టుకు ద్రవం. అది మరిగి ఆవిరైతేనే గ్యాస్. మరగడానికి వేడి కావాలి. ఆ వేడిని సిలిండర్ చుట్టూ ఉన్న గాలి నుంచి, అది చాలకపోతే తన ద్రవం నుంచే లాక్కుంటుంది. కొత్త కుండలో నీళ్లు చల్లబడేది ఈ కారణంతోనే. కుమ్మరి పని తెలిసినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

లెక్క వేసి చూపిస్తే యజమానురాలు వెంటనే ఒప్పుకున్నారు. ఈ బట్టీకి పై ఉష్ణోగ్రతల్లో గంటకు 3.4 కిలోల దాకా గ్యాస్ కావాలి. కిలో ఎల్పీజీ ఆవిరి కావడానికి సుమారు 370 కిలోజౌళ్ల వేడి పడుతుంది. రెండు సిలిండర్లు పంచుకుంటే ఒక్కొక్కటీ గంటకు 630 కిలోజౌళ్లు ఎక్కడినుంచో తెచ్చుకోవాలి. ఒక నిండు సిలిండర్, అందులోని ద్రవం కలిపి ఒక డిగ్రీ చల్లబడితే విడుదలయ్యే వేడి దాదాపు 55 కిలోజౌళ్లు. గాలి నుంచి వేడి ఏమీ అందలేదనుకుంటే సిలిండర్ గంటకు పదకొండు డిగ్రీల చొప్పున చల్లబడాలి. గాలి కొంత ఇస్తుంది కనుక అంత వేగంగా పడిపోదు, కాని దిశ అదే. మధ్యాహ్నానికి ఎండ 28 డిగ్రీలకు చేరినా సిలిండర్ లోపల సున్నాకు దిగడం అందుకే. ఒంటి మీద మంచు పట్టడం అందుకే. ఆ మంచు గీత ఎక్కడిదాకా ఉందో ద్రవం మట్టం అక్కడిదాకా ఉన్నట్టు.

ఇంకో మెలిక ఉంది. మన దగ్గర సరఫరా అయ్యే ఎల్పీజీ ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, నార్మల్ బ్యూటేన్ సున్నాకు అర డిగ్రీ కింద. అంటే సున్నా డిగ్రీల సిలిండర్‌లో ప్రొపేన్‌కు మూడున్నర కిలోలకు పైగా ప్రెషర్ ఉంటుంది, బ్యూటేన్‌కు దాదాపు ఏమీ ఉండదు. తేలికగా మరిగే ప్రొపేన్ ముందు ఎక్కువగా వెళ్లిపోతుంది. సిలిండర్ అడుగుకు వచ్చేకొద్దీ మిగిలేది ఎక్కువగా బ్యూటేనే. పైగా ద్రవం తగ్గేకొద్దీ అది తాకే ఇనుప గోడ వైశాల్యం తగ్గుతుంది, లోపలికి వచ్చే వేడీ తగ్గుతుంది. ఇవన్నీ కలిసి వచ్చే సమయం ఏది? ఫైరింగ్ చివరి మూడు గంటలు. బట్టీకి గ్యాస్ అన్నింటికన్నా ఎక్కువ కావలసింది కూడా అప్పుడే. 1150 దగ్గర ఆగడంలో వింతేమీ లేదు.

అనుమానం తీర్చుకోవడానికి స్టూడియో మూలన "ఖాళీ" అని పక్కన పెట్టిన సిలిండర్లను తూకం వేయించాను. ఖాళీ సిలిండర్ బరువు దాని మెడ పట్టీ మీద కొట్టి ఉంటుంది. ఒకదానిలో ఆరు కిలోలకు పైగా గ్యాస్ మిగిలి ఉంది, రెండోదానిలో దాదాపు అంతే. చలికాలమంతా వాళ్లు మూడో వంతు గ్యాస్‌ను డబ్బిచ్చి కొని, వాడకుండా ఏజెన్సీకి తిప్పి పంపుతున్నారు. గేజ్‌ల గురించి ఎంత చెప్పినా తలూపి ఊరుకున్నవాళ్లు ఈ తూకం చూశాక నోటు పుస్తకం తెచ్చుకుని కూర్చున్నారు.

రెండు గేజ్‌ల పరీక్ష

సిద్ధాంతం సరిపోయినంత మాత్రాన రోగ నిర్ధారణ పూర్తికాదు. 1150 దగ్గర ఆగిన బట్టీకి మరో అరడజను కారణాలు ఉండవచ్చు. వెంచురీ గొట్టంలో సాలీడు గూడు కట్టి ఉండవచ్చు. కొన్నాళ్లు వాడకుండా వదిలేసిన బర్నర్లలో ఇది మామూలే. ఎల్పీజీతో వచ్చే నూనె జిగురు రెగ్యులేటర్‌లో పేరుకుని ఉండవచ్చు. చిమ్నీ లాగుడును తగ్గించే పలక, అంటే డంపర్, అతిగా మూసి ఉండవచ్చు. అందుకని రెగ్యులేటర్‌కు ముందు 16 కిలోల దాకా చూపే గేజ్ ఒకటి బిగించి, కాలిన గొట్టం మార్చి, బర్నర్లు విప్పి శుభ్రం చేసి, పాత రెండు సిలిండర్ల అమరికతోనే ఒక ఫైరింగ్ నడిపించాను. షరతు ఒక్కటే: స్క్రూ ఎవరూ ముట్టుకోకూడదు, మధ్యలో సిలిండర్ మార్చకూడదు.

తెల్లవారుజామున, గాలి 14 డిగ్రీలు ఉన్నప్పుడు, ముందు గేజ్ నాలుగు కిలోలకు కాస్త తక్కువ చూపింది. నీళ్ల ఆవిరి పోయేదాకా చిన్న మంట, మట్టిలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా ఉబ్బే 573 డిగ్రీల మలుపు, ఆ తరవాత 900 దాకా ఎక్కడా ఇబ్బంది లేదు. 900 దగ్గర రిడక్షన్ మొదలై గ్యాస్ పెంచాక ముందు గేజ్ దిగడం మొదలైంది. 1100 దాటేసరికి కిలోకు కొద్దిగా పైన ఉంది. వెనక గేజ్, అంటే రెగ్యులేటర్ తరవాతిది, ఆ తరవాతే దిగింది. వరస ముఖ్యం. ముందు గేజ్ దిగి, దాని వెంట వెనకది దిగితే సిలిండర్ అలిసిందని అర్థం. ముందుది నిలకడగా ఉండి వెనకది దిగితే రెగ్యులేటర్‌నో వడపోతనో చూడాలి. రెండూ నిలకడగా ఉండి వేడి మాత్రం ఎక్కకపోతే తప్పు గ్యాస్‌ది కాదు. జెట్, గాలి, డంపర్ వైపు వెళ్లాలి. ఒక మామూలు గేజ్ ఖర్చుతో ఇంత తేలుతుంటే, సిలిండర్ వైపు గేజ్ లేకుండా బట్టీలు ఎందుకు అమ్ముతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఈ పరీక్షలో ఇంకో సంగతి బయటపడింది. 1100 దగ్గర యజమానురాలు అలవాటు కొద్దీ డంపర్ ఇంకో అంగుళం లోపలికి తోశారు. లోపలికి చూసే కన్నంలోంచి మంట జానెడు పొడుగున బయటికి వచ్చింది, ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు దిగింది. "ప్రెషర్ తగ్గింది కదా, రిడక్షన్ నిలబెట్టాలి" అన్నారామె. నిజానికి జరిగేది వేరు. కిలో ఎల్పీజీ పూర్తిగా కాలడానికి సుమారు 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. డంపర్ మూస్తే చిమ్నీ లాగుడు తగ్గి ఆ గాలి రాదు. గ్యాస్ సగం కాలి కార్బన్ మోనాక్సైడ్‌గా కన్నాల్లోంచి గదిలోకి వస్తుంది. వేడి తగ్గుతుంది. వేడి తగ్గిందని మళ్లీ గ్యాస్ పెంచుతారు. కాలని గ్యాస్ ఇంకా పెరుగుతుంది. బట్టీ లోపలి ప్రెషర్ కూడా ప్రెషరే. దానికి గేజ్ ఉండదు, కన్నం దగ్గర మంట నాలుకే గేజ్. రిడక్షన్‌కు పై కన్నంలో రెండు మూడు అంగుళాల మెత్తని మంట చాలు. జానెడు మంట గ్లేజుకు ఏ మేలూ చేయదు, మట్టి లోపల నల్లటి గుజ్జు మిగిల్చి సామాను ఉబ్బేలా చేస్తుంది.

ముందు మాన్పించినవి

కొత్త సామాను కొనకముందే కొన్ని అలవాట్లు మాన్పించాను. వీటిలో ఏదీ ఈ ఒక్క స్టూడియోది కాదు. చిన్న బట్టీలు ఉన్న చోటల్లా చూస్తున్నాను.

మంచు పట్టిన సిలిండర్ మీద మరిగే నీళ్లు పోయడం, చుట్టూ వేడి గోనెలు కప్పడం, బట్టీ గోడకు దగ్గరగా జరపడం. ఇవి ప్రెషర్‌ను పెంచుతాయి, కాని ఎంత పెంచుతాయో ఎవరి చేతిలోనూ ఉండదు. మామూలు నీళ్ల తొట్టిలో నిలబెట్టడం కొందరు చేస్తారు. నీరు గాలికన్నా వేగంగా వేడిని అందిస్తుంది కనుక పనిచేస్తుంది కూడా. ఖాళీ అయ్యేకొద్దీ సిలిండర్ తేలి ఒరగడం, అడుగు రింగు తుప్పు పట్టడం చూశాక నేను దాన్ని సిఫారసు చేయడం మానేశాను.

సిలిండర్‌ను పడుకోబెట్టడం మాత్రం చూస్తే నాకు కోపం ఆగదు. "అడుగున ఉన్నదంతా వచ్చేస్తుంది" అని గొప్పగా చెబుతారు. వచ్చేది ద్రవం. లీటరు ద్రవం సుమారు 250 లీటర్ల గ్యాస్ అవుతుంది. ఆవిరి కోసం చేసిన రెగ్యులేటర్‌లోంచి ద్రవం దాటితే బర్నర్ దగ్గర ఏం వస్తుందో ఊహించుకోవచ్చు. ద్రవాన్నే తీసి వేపరైజర్‌లో ఆవిరి చేసే పద్ధతి ఉంది, దానికి వేరే వాల్వు ఉన్న సిలిండర్లూ ఉన్నాయి. అది పెద్ద షటిల్ బట్టీల వ్యవహారం. గంటకు మూడు కిలోలు తాగే బట్టీకి అనవసరం.

ఇళ్లకు ఇచ్చే 14.2 కిలోల సిలిండర్ల ప్రస్తావన కూడా వచ్చింది, "అత్యవసరానికి ఒకటి కలుపుకుందామా" అని. చట్టం ఒప్పుకోదు. పని కూడా కాదు. ఇంటి రెగ్యులేటర్ ఇచ్చేది 30 మిల్లీబార్, అంటే 0.03 కిలో. దానికి ఈ బర్నర్లు దీపంలా వెలుగుతాయి. అందుకని రెగ్యులేటర్ మార్చేస్తారు, అక్కడినుంచి మొదలవుతుంది తలనొప్పి.

కొత్త అమరిక

సిలిండర్లు నాలుగు చేశాం. అన్నీ ఒకేసారి తెరిచి ఉంటాయి. ఒక్కొక్కటీ గంటకు 0.85 కిలో ఇస్తే చాలు, చల్లబడే వేగం సగానికి తగ్గుతుంది. నాలుగు 19లు 76 కిలోలు. 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనల ప్రకారం లైసెన్సు లేకుండా ఒకచోట ఉంచుకోగల ఎల్పీజీ 100 కిలోలు. అదనంగా ఒక నిండు సిలిండర్ పెట్టుకున్నా 95. ఆ పైన ఇంకొకటి దాచకండి అని గోడ మీద రాయించాను.

చోటు కూడా మారింది. పాత చోట సిలిండర్ల పక్కనే వాననీటి కాలువ ఉంది. ఎల్పీజీ గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. కారితే పైకి పోదు, కాలువ వెంట పాకి ఎక్కడో తేలుతుంది. ఉత్తరం వైపు నీడలో, నేల ఎత్తుగా ఉన్న చోట, జాలీ తలుపు వేసి పెట్టాం. బట్టీ గదిలో గ్యాస్ సెన్సార్‌ను నేలకు అడుగు ఎత్తులో బిగించాం. అంతకుముందు ఎవరో దాన్ని కప్పుకు దగ్గరగా పెట్టి వెళ్లారు.

మానిఫోల్డ్‌లో ప్రతి సిలిండర్ కొమ్మకూ నాన్ రిటర్న్ వాల్వు వచ్చింది. ఇది లేకపోతే వెచ్చటి నిండు సిలిండర్‌లోని గ్యాస్ చల్లటి సిలిండర్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. ఒక సిలిండర్ విప్పాలంటే అన్నీ కట్టేయాల్సి వస్తుంది. ప్రమాదం రోజున జరిగింది అదే. ఇప్పుడు ఒకటి మార్చినా మిగతా మూడు నడుస్తూనే ఉంటాయి, మంట ఆరదు. నాలుగు నిండుగా ఉంటే అసలు మధ్యలో మార్చాల్సిన పనే రాదు.

రెగ్యులేటర్లు రెండు దశలు. సిలిండర్ల దగ్గర మొదటిది కిలో దగ్గర స్థిరం, దాని స్క్రూకు సీలు. బట్టీ గది బయట రెండోది, అర కిలోకు మించి ఇవ్వలేని స్ప్రింగుతో. అమరికలో నాకు ఎక్కువ సంతృప్తినిచ్చిన భాగం ఇది. ఎవరు ఎంత కంగారులో ఎంత తిప్పినా బర్నర్ దగ్గర అర కిలో దాటదు. మామూలు 0.35తో పోలిస్తే గ్యాస్ అయిదో వంతు మాత్రమే పెరుగుతుంది. రెండు రెగ్యులేటర్ల మధ్యలో స్లామ్ షట్ వాల్వు. ప్రెషర్ పెట్టిన హద్దు దాటినా, మరీ పడిపోయినా మూసుకుంటుంది, చేత్తో వెళ్లి తెరిస్తే గానీ తెరుచుకోదు. పడిపోయినప్పుడు ఎందుకు మూయాలని అందరూ అడుగుతారు. తక్కువ ప్రెషర్ తనకుతాను ప్రమాదకరం కాదు. మంట ఆరిపోయాక అది తిరిగి రావడమే ప్రమాదం.

ప్రతి బర్నర్‌కూ ఎప్పుడూ వెలిగే చిన్న పైలట్ మంట, మంట వేడిని పసిగట్టే థర్మోకపుల్‌తో పనిచేసే ఫ్లేమ్ ఫెయిల్యూర్ వాల్వు పెట్టాం. మంట ఆరి థర్మోకపుల్ చల్లబడితే స్ప్రింగు గ్యాస్‌ను కట్టేస్తుంది. కరెంటు అక్కర్లేదు. దీని బటన్‌ను నొక్కి పట్టుకోవడం విసుగై తీగతో కట్టేసే మహానుభావులు ఉన్నారు. ఇంకో చోట అలాంటి తీగ విప్పితే పక్కనే అతికించిన కాగితం కనిపించింది, "తీగ తీయవద్దు" అని. ఇక్కడ అలా జరగకుండా బటన్ చుట్టూ లోతైన కప్పు వేయించాను.

మిగతావి క్లుప్తంగా. చివరి రబ్బరు ముక్కలు తీసేసి ఉక్కు అల్లికతో ఉన్న గొట్టాలు పెట్టాం. బర్నర్‌కు సన్నగా సర్దడానికి నీడిల్ వాల్వులు, మొత్తం కట్టేయడానికి బట్టీకి దూరంగా తలుపు పక్కన పావు మలుపు బాల్ వాల్వు. ఆ వాల్వు దగ్గరికి వెళ్లడానికి బట్టీ ముందునుంచి దాటాల్సిన పని ఉండకూడదు.

వెలిగించే వరస

నోటు పుస్తకం మొదటి పేజీలో ఇది రాసిపెట్టాం. డంపర్ పూర్తిగా తెరవాలి. తలుపు కాస్త తీసి ఉంచాలి. అయిదు నిమిషాలు ఆగాలి. ముందు కాగడా మంట, తరవాత గ్యాస్. గ్యాస్ తిప్పి అగ్గిపుల్ల వెతుక్కోవడం కాదు. ఒక బర్నర్ నిలకడగా అంటుకున్నాకే రెండోది. ఏ కారణంతోనైనా మంట ఆరిపోతే బట్టీ 760 కింద ఉన్నంతకాలం వాల్వులన్నీ కట్టేసి, డంపర్ తెరిచి, మళ్లీ అయిదు నిమిషాలు ఆగి మొదటినుంచి మొదలు. ముగించేటప్పుడు ముందు సిలిండర్లు కట్టి, పైపులో ఉన్నది కాలిపోయాక బర్నర్లు కట్టాలి.

ఫైరింగ్‌కు ముందు రోజు కారుడు పరీక్ష. బర్నర్ వాల్వులు మూసి, సిలిండర్లు తెరిచి, గొట్టాలు నిండాక సిలిండర్లు కట్టేసి పది నిమిషాలు గేజ్‌లు చూడాలి. ముల్లు కదిలితే సబ్బు నురుగుతో ఎక్కడో వెతకాలి. ముక్కును నమ్మవద్దని చెప్పాను. ఎల్పీజీకి కలిపే మెర్కాప్టాన్ వాసన ఘాటుగానే ఉంటుంది, కాని రోజంతా ఆ గదిలో ఉన్నవాళ్ల ముక్కు దానికి అలవాటు పడుతుంది.

తరవాత

జనవరిలో కొత్త అమరికతో కాల్చిన మొదటి లోడుకు ముందు గేజ్ ఎప్పుడూ రెండు కిలోల కిందికి రాలేదు. వెనక గేజ్ 0.35 దగ్గర చివరిదాకా నిలబడింది. 1150ని ఆగకుండా దాటి, సాయంత్రం వెలుతురు ఉండగానే కోన్ 10 వంగింది. సిలిండర్ల అడుగున మంచు లేదు, చెమ్మ మాత్రం ఉంది. డంపర్ విషయంలో యజమానురాలికీ నాకూ ఇంకా ఏకాభిప్రాయం లేదు. ఆమె పెట్టేది నాకు ఎక్కువ అనిపిస్తుంది. సెలడాన్ అనే లేత ఆకుపచ్చ గ్లేజు బాగా వచ్చిందని చూపించి నా నోరు మూయించారు. కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించడానికి మాత్రం ఒప్పుకున్నారు. నిజానికి ఆ అలారం బట్టీ గదికన్నా పక్కన పిల్లలకు మట్టి పని నేర్పే గదిలో ఎక్కువ అవసరం. అక్కడా ఒకటి పెట్టాం.

మే నెలలో లెక్క తలకిందులవుతుంది. 42 డిగ్రీల ఎండలో సిలిండర్ ప్రెషర్ ఎనిమిది కిలోలు దాటుతుంది, మొదటి రెగ్యులేటర్ సీటు మీద, అంటే లోపల గ్యాస్‌ను ఆపే మూత ఆనే చోట, బరువు రెట్టింపవుతుంది. అప్పుడు చేయాల్సిన పరీక్ష ఒకటి చూపించాను. బర్నర్లన్నీ మూసి రెండు గేజ్‌లూ చూడాలి. రెగ్యులేటర్ తరవాతి ముల్లు కొద్దిగా లేచి ఆగిపోతే సీటు బాగున్నట్టు. ఆగకుండా నెమ్మదిగా పాకుతూ ఉంటే సీటు అరిగింది, లేదా చెత్త ఇరుక్కుంది. బాగుచేయించడం కాదు, మార్చేయడమే. వేసవి మొదట్లో ఇక్కడి మొదటి దశ రెగ్యులేటర్ పాకింది, కొత్తది వేశాం.

పైపు గ్యాస్ తమ రోడ్డుకు వస్తే ఈ సిలిండర్ల బాధే ఉండదు కదా అని ఆమె అడిగారు. ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా, గుజరాత్‌లోని మోర్బీ వంటి చోట్ల చాలా పెద్ద బట్టీలు పైపు గ్యాస్ మీద నడుస్తున్నాయి. మరిగే ద్రవం సమస్య అక్కడ లేదు. కాని ఎల్పీజీ జెట్లతో సహజవాయువు పనిచేయదు. ఒకే పరిమాణానికి దానిలో వేడి ఎల్పీజీలో సగానికన్నా తక్కువ. జెట్లు పెద్దవి చేయాలి, రెగ్యులేటర్లు వేరే వేయాలి. మంట ఆరితే గ్యాస్‌ను ఆపే వాల్వులు, స్లామ్ షట్, వెలిగించే వరస మాత్రం ఇప్పుడున్నవే ఉంటాయి. ఈ సంగతి నోటు పుస్తకం చివరి పేజీలో జెట్ల ప్రస్తుత కొలతలతో సహా రాసి వచ్చాను, ఆ రోజు ఆ పనికి వచ్చేది నేనే అయినా ఇంకొకరైనా.